నాలుగో కాలి కింద

"చూశావా, ఇప్పుడు మీద నిండు గ్లాసు పెట్టినా తొణకదు," అన్నారు మా ఆయన, వాషింగ్ మిషన్ మూత మీద రసమట్టం పెట్టి, అందులోని గాలిబుడగ సరిగ్గా మధ్యకొచ్చి నిలిచేదాకా ఆగి. ఆయన భవనాలు కట్టించే ఇంజనీరు. ఇంట్లో ఆయన కొలవనిది ఒక్క నా పనే. రసమట్టం ఎప్పుడూ చేతిలో ఉండటం వల్లనో ఏమో, రసమంటే మట్టంగా ఉండేదని ఆయన నమ్మకం.

శనివారం మధ్యాహ్నం. నేనప్పుడే పనినుంచి వచ్చాను, భుజాన సంచి కూడా దించలేదు. బాగుందండీ అన్నాను. పెళ్ళయిన కొత్తల్లో నేర్చుకున్న మాట, ఇప్పటికీ చిరగలేదు. ఆయన మీట నొక్కారు. పిండే చక్రం తిరిగింది. ఆరేళ్ళుగా గది గోడలదాకా నడుచుకుంటూ వెళ్ళొచ్చే మిషన్, నేను ముద్దుగా గజగజమ్మ అని పిలుచుకునే మిషన్, బుద్ధిగా చేతులు కట్టుకుని నిలబడ్డట్టు ఉండిపోయింది. 

మిషన్ ఊగకపోతే నీకొచ్చిన నష్టమేమిటమ్మా అంటారా? చెబుతాను.

నేను పళ్ళ డాక్టరు దగ్గర ముందు గదిలో కూర్చుంటాను. పీకేది ఆయన, పీకించుకునేది జనం, పళ్ళు బిగబట్టి నవ్వేది నేను. వచ్చినవాళ్ళ పేర్లు రాసే చీటీల వెనక బొమ్మలు గీస్తాను. దవడ వాచినాయన గుమ్మడికాయ, నోరు తెరవనని మొండికేసిన ముసలాయన తాళం కప్ప, డాక్టరుగారు తెల్లకోటు తొడుక్కున్న పట్టకారు. ఒకసారి ఆయన ఆ చీటీ చూడనే చూశారు. కోప్పడలేదు, పని చెప్పారు. మీకు బొమ్మలొచ్చుగా, గోడమీద పిల్లల కోసం పళ్ళు తోముకునే బొమ్మలు వేయండి అన్నారు. మూడు ఆదివారాలు నిచ్చెన మీద నిలబడి వేశాను. చూడవచ్చినవాళ్ళతో ఆయన, "మా దగ్గర మేమే వేసుకున్నామండీ," అన్నారు. ఆ 'మేము'లో నేను ఎక్కడో చివర, అద్దం పెట్టి వెతికితే తప్ప కనబడని జ్ఞానదంతంలా ఉన్నాను.

ఇంట్లో నా బొమ్మల వేళ ముప్పై ఎనిమిది నిమిషాలు. బట్టలు వేసి మీట నొక్కింది మొదలు కూత వినబడేదాకా. వెనక బాల్కనీలో మిషన్ మూతే నా బల్ల. నీళ్ళరంగుల డబ్బా, రెండు కుంచెలు, డాక్టరుగారికి కంపెనీలవాళ్ళు ఊరికే ఇచ్చి వెళ్ళే పళ్ళ బ్రష్షులు. రోజుకొక బొమ్మ. తడి రంగు మీద ఉప్పు చల్లితే నక్షత్రాలు పుడతాయి. సబ్బు నురగలో రంగు కలిపి ఊదితే బుడగలు పగిలి వలయాలవుతాయి. బ్రష్షు ముంచి బొటనవేలితో మీటితే తుంపర. కానీ అసలు విద్య చివరి తొమ్మిది నిమిషాల్లో ఉంది. పిండే చక్రం మొదలవగానే తడి కాగితాన్ని అట్టమీద పరిచి మూతమీద పెట్టేస్తాను. గజగజమ్మ ఊగుతుంది, రంగు తనంతట తాను కదులుతుంది, చుక్క వలయమవుతుంది, గీతకి ఈకలొస్తాయి. ఏ కుంచెకీ రాని పని అది. కాగితం మీద వేసే పల్చటి పూతనీ వాష్ అనే అంటారు. పైన ఒక వాష్, లోపల ఒక వాష్.

ముందు గదిలోంచి ఏం చేస్తున్నావని కేక వస్తే, "బట్టలు ఉతుకుతున్నా," అంటాను. అబద్ధం కాదు కదా. ఉతుకుతున్నానంటే ఎవరూ వెతుక్కుంటూ రారు. అదే బొమ్మ వేస్తున్నానంటే నా చొక్కా ఎక్కడ, నా కళ్ళజోడెక్కడ, ఖాళీగానే ఉన్నావుగా అంటూ వస్తారు.

ఇంకొక సంగతి. ఈ మిషన్ కాళ్ళకి మరలుంటాయి. తిప్పితే కాలు పొడుగవుతుంది. నాలుగో కాలు పొట్టిదైంది కాబట్టే ఊగుతోందని కొన్న నెలకే తెలుసు నాకు. రెండు చుట్లు తిప్పితే సరిపోయేది. తిప్పలేదు.

ఇక మా అత్తగారు. ఆవిడ నా బొమ్మల్ని ఎప్పుడూ బొమ్మలనలేదు, రంగునీళ్ళనేది. "మా కోడలు సంసారాన్ని నీళ్ళపాలు చేయదు, కాగితాల్ని చేస్తుంది," అని పక్కింటావిడతో, నాకు వినబడేంత రహస్యంగా. కొట్టే మాట కూడా కొలిచి కొట్టేది, కొడుక్కి ఆ కొలత ఎక్కడినుంచి వచ్చిందో వేరే చెప్పక్కర్లేదు. కుంచె పట్టుకున్నప్పుడల్లా ఆవిడ చూపు తగిలి కుంచించుకుపోయేదాన్ని. నేనూ తక్కువ తినలేదు. కళ్ళజోడు పెట్టుకున్న ఆడసింహాన్ని గీసి సబ్బుపొడి పొట్లాం కింద దాచుకునేదాన్ని.

ఒకరోజు పొద్దున ఆవిడ మంచం దిగబోయి దిగలేకపోయింది. పక్షవాతం కుడివైపంతా తీసుకుపోయింది, మాటలన్నీ తీసుకుపోయి ఒక్కటి వదిలిపెట్టింది: సరే. జన్మలో దేనికీ సరే అనని మనిషికి మిగిలిన ఒకే మాట అది. ఆకలేసినా సరే, పక్క తడిసినా సరే, నొప్పెట్టినా కోపమొచ్చినా సరే. ఏ సరే దేనికో తెలుసుకోవడానికి నాకు రెండు నెలలు పట్టింది. ఆయనకి తెలుసుకునే తీరిక దొరకలేదు. గుమ్మంలో నిలబడి, "అమ్మ తిన్నదా?" అని నన్ను అడిగేవారు. నేను తిన్నదంటే సరే అని ఆయన కూడా వెళ్ళిపోయేవారు.

ఎండ తగలాలని డాక్టరు చెబితే ఆవిడని పొద్దున్నే వెనక బాల్కనీలో కుర్చీలో కూర్చోబెట్టేదాన్ని. మిషన్ పక్కనే. నాకు వేరే చోటు లేదు, ఆవిడకి వేరే దిక్కు లేదు. మొదట్లో ఆవిడకి వీపు పెట్టి వేసుకున్నాను. పదో రోజో పన్నెండో రోజో, పిండే చక్రం మొదలై కాగితం ఊగుతుండగా, నా పక్కనుంచి ఎడమచెయ్యి ఒకటి వచ్చింది. చిటికెన వేలు బయటికి వంగిన చెయ్యి. ఎప్పుడో తలుపు సందులో పడి నలిగిన వేలు. అది నీలం రంగులో మునిగి కాగితం మీద చుక్క పెట్టింది. చుక్క వణికింది, వలయమైంది, దానిచుట్టూ ఇంకో వలయం. ఆవిడ నావైపు చూసి నవ్వింది. సగం మూతి మాత్రమే నవ్వింది గానీ ఇరవై నాలుగేళ్ళలో నాకు దక్కిన నిండు నవ్వు అదొక్కటే.

"సరే," అంది.

ఆ తర్వాత రోజూ ఇద్దరం. నేను రంగు కలిపేదాన్ని, ఆవిడ వేలు ముంచేది. ఆరిన కాగితాల్ని సబ్బుపొడి అరలో ఒక సంచిలో దాచేదాన్ని. నేను దాచిన ఆడసింహాన్ని కూడా ఒకరోజు తీసి చూపించాను. చాలాసేపు చూసి, దాని కళ్ళజోడుకి పచ్చరంగు పూసి, సరే అంది. ఆ సరేకి అర్థం మాత్రం ఇప్పటికీ తెలియదు. చివరి బొమ్మకి ఆవిడ వేలు కాక చెయ్యంతా ముంచింది. తెల్ల కాగితం మీద నీలం అరచెయ్యి, అయిదు వేళ్ళు. మిషన్ ఊపుకి అంచులు అదిరి, ఎవరో దూరంనుంచి చెయ్యి ఊపుతున్నట్టు వచ్చింది. వీడ్కోలు అని అప్పుడు అనిపించలేదు. నాలుగు రోజులకి అనిపించింది.

పరామర్శకి వచ్చినవాళ్ళంతా ఆయన భుజం తట్టి, తల్లిని పువ్వులా చూసుకున్నావయ్యా అన్నారు. పువ్వు ఆయనది, నీళ్ళు పోసింది నేను. ఆయన ఏడిస్తే వీపు నిమిరాను, మంచినీళ్ళిచ్చాను, మీరు చేయాల్సిందంతా చేశారండీ అన్నాను. నా ఏడుపు వంతు వచ్చేసరికి వచ్చినవాళ్ళకి పక్కలు వేయాల్సిన వేళయింది. అది జరిగి నాలుగు నెలలు.

ఇప్పుడు అర్థమైందిగా. మళ్ళీ ఆ శనివారానికి వస్తే, నేను వంగి మిషన్ కింద చూశాను. నాలుగో కాలి కింద ఎనిమిది మడతలు పెట్టిన మందపాటి కాగితాలు. ఒక మడత అంచున నీలం.

"ఈ కాగితాలెక్కడివండీ?"

"సబ్బుపొడి అరలో చిత్తుకాగితాల సంచి ఉందిగా, అందులోవి. మామూలు కాగితం నలిగిపోతుంది. ఇవి దళసరి, సరిగ్గా సరిపోయాయి," అన్నారు. గొంతులో ఎంత తృప్తి ఉందంటే, నా బొమ్మలు ఆయనకి సరిపోవడం అదే మొదటిసారి.

అవి మీ అమ్మ చేతులండీ అని చెబుదామని నోటిదాకా వచ్చింది. చెబితే ఏడుస్తారు. చెడ్డమనిషి కాదు, తప్పకుండా ఏడుస్తారు. ఏడిస్తే నేను సంచి దించి, వీపు నిమిరి, మంచినీళ్ళిచ్చి, మీకేం తెలుసు పాపం అనాలి. ఆయన చేసిన తప్పుకి నేను ఓదార్పు ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చేసి అందించాలి. నా ఏడుపు మళ్ళీ వరుసలో వెనక్కి పోతుంది.  ఆయన రసమట్టాన్ని గుడ్డతో తుడిచి, దాని పెట్టెలో పెట్టుకుని, వెళ్ళి కునుకు తీశారు. ఆ కర్రముక్కకి ఒక పెట్టె ఉంది.

నేలతుడిచే కర్రని మిషన్ కింద దూర్చి, ఒక భుజంతో ఎత్తి, కాగితాలు లాగాను. బరువు మీద పడి మడతలు తెగాయి. గొట్టంలోంచి కారిన నీళ్ళు లోపలిదాకా పట్టాయి. నాలుగు బొమ్మలు ఒకదాని రంగు ఒకదానికి అంటుకుని బురదయ్యాయి. ఆఖరి కాగితం విప్పితే మూడు వేళ్ళు కలిసిపోయి ఒక మబ్బు. బొటనవేలు సగం. చిటికెన వేలు ఒక్కటే, ఆ వంకరతో సహా, మిగిలింది.

నేల మీద బోర్లా పడుకుని నాలుగో కాలి మర తిప్పాను. రెండు చుట్లు. ఆరేళ్ళ పని అర నిమిషంలో అయిపోయింది. ఇక అది ఊగదు. ఊగినా, రంగులో వేలు ముంచడానికి పక్కన ఆ కుర్చీలో ఎవరూ లేరు.

ఆదివారం పొద్దున మురికిబట్టల బుట్ట నిండా ఉంది. దాన్ని దాటుకుని వచ్చి, భోజనాల బల్ల మీది గిన్నెలన్నీ తీసేసి, నట్టింట్లో, అందరూ నడిచే దారిలో, రంగుల డబ్బా తెరిచాను. కింద ఏ మిషనూ తిరగడం లేదు. ఇల్లంతా ఎంత నిశ్శబ్దంగా ఉందంటే కుంచె కాగితాన్ని తాకిన చప్పుడు నాకే వినబడి సిగ్గేసింది. ఆరిన పాత కాగితాన్ని ముందు పెట్టుకుని, కొత్తదాని మీద ఆ చేతిని జ్ఞాపకంలోంచి వేయడం మొదలుపెట్టాను. గీత వణికింది. మిషన్ లేదు కాబట్టి ఆ వణుకు నాదేనని ఒప్పుకోవాల్సి వచ్చింది.

ఆయన ఆవులిస్తూ వచ్చారు. బల్ల చూశారు, బుట్ట చూశారు.

"ఏం చేస్తున్నావు?"

"బొమ్మ వేస్తున్నాను."

నా నోటినుంచి ఆ జవాబు ఆయన వినడం ఇదే మొదలు. తప్పుగా విన్నానేమో అన్నట్టు దగ్గరికొచ్చి బల్ల మీదికి వంగి, "ఎవరిది?" అన్నారు.

"మీ అమ్మగారిది. ఈ పాతది ఆవిడే వేసింది. పోవడానికి నాలుగు రోజుల ముందు. నిన్న మీరు మిషన్ కాలికింద పెట్టింది ఇదే."

ఆయన ఆ మడతల కాగితం తీసుకున్నారు. తిప్పి చూశారు. వంకర చిటికెన వేలు దగ్గర ఆగారు. ఆ తలుపు సందులో ఆ వేలు నలిగిన రోజు తలుపు వేసింది చిన్నప్పటి ఆయనేనని అత్తగారు పదిమందికీ నవ్వుతూ చెప్పేది. తన వేలు తీసి దానిమీద ఆనించారు. ఎదుటి కుర్చీలో కూలబడ్డారు. భుజాలు కదలడం మొదలైంది, తర్వాత చప్పుడు. ఏడుస్తూనే తలెత్తి నావైపు చూశారు. ఆ చూపు దేనికోసమో ఇరవై నాలుగేళ్ళుగా నాకు తెలుసు.

నా ముందున్న కొత్త కాగితం ఇంకా తడిగా ఉంది. ఆరేలోపు వేయాల్సిన వేళ్ళు మూడున్నాయి.

నేను లేవలేదు.