యాట కోయని దినాలు

సంతోష్ కామారెడ్డి ఆసుపత్రిలో చనిపోయి వారం కాకముందే, అతని అన్న గంగారాం దినాల వంట గురించి మాట్లాడటానికి వచ్చి వాకిట్లో కూర్చున్నాడు. ఎల్లారెడ్డి దగ్గరి ఆ ఊళ్లో దినాలనాడు కులపోళ్లందరికీ యాటను కోసి మాంసం కూర, కల్లు పెట్టాల్సిందే.

"రెండు యాటలన్న తెగాలె. బర్రెను అమ్మితే అన్నీ ఎల్తయి," అన్నాడు.

సంతోష్ వైద్యానికి పొలం ఎప్పుడో పోయింది. ఇంట్లో మిగిలింది ఆ పాడిబర్రె ఒక్కటే. ఇల్లు గడవాలన్నా, కూతురు అనూహ్య చదవాలన్నా దాని పాలే ఆధారం.

"బర్రెను అమ్మను, బావా. పప్పు, చారు పెడత," అంది సంతోష్ భార్య శ్వేత.

గంగారాం కోపగించుకోలేదు. "మనం ఎవలింట్ల తినలేదు చెప్పు? తమ్ముడు ఒక్క దావత్ ఇడ్వలే. ఇయ్యాల మన వంతు వస్తె పప్పు పోస్తమా?"

అత్త దుర్గవ్వ కోడలి చేయి పట్టుకుంది. "నా కొడుకు దిక్కులేనోని లెక్క పోవాల్నా, బిడ్డా?"

అత్త మాటను శ్వేత అంతవరకూ కాదనలేదు. "ఆయన ఉన్నన్ని దినాలు చేసేదంతా చేసిన అత్తమ్మా. ఇప్పుడు పిల్ల నోటికాడి కూడు తీయ," అంది.

దినాలనాడు అందరూ వచ్చారు. శ్వేత పప్పు వడ్డించగానే ఒక పెద్దమనిషి ఇస్తారి మడిచి లేచాడు. అతని వెనక బంతిలో కూర్చున్నవాళ్లంతా లేచారు. "ఒక్క ముద్దన్న తినుండ్రి," అని గంగారాం చేతులు జోడించి ప్రతి ఒక్కరినీ బతిమాలాడు. చివరికి తనూ తినకుండా వెళ్లిపోయాడు. గంగాళం నిండా అన్నం అట్లాగే ఉంది.

సాయంత్రం దుర్గవ్వ తన చీరలు మూట కట్టుకుంది. "నువ్వు తప్పు చేసినవంటలేను బిడ్డా. నేను ఆ నలుగుట్లనే బతకాలె," అని పెద్దకొడుకు ఇంటికి నడిచింది.

వానలు వెనకబట్టాక వాళ్ల కులంలోని ముసలామె హన్మవ్వ చనిపోయింది. అనూహ్య పుట్టినప్పుడు పక్కనుండి కాన్పు చేసింది ఆమే. శ్వేత కూతుర్ని తీసుకుని ఆమె దినాలకు వెళ్లి, ఆడవాళ్ల బంతిలో కూర్చుంది. గంగారామే ఇస్తార్లు వేస్తూ వచ్చాడు. శ్వేత ముందు ఆగాడు. ఒకసారి వెనక్కి, పెద్దమనుషుల వైపు చూశాడు. తల్లీకూతుళ్లను దాటి పక్కామెకు వేశాడు.

ఎదురు బంతిలో దుర్గవ్వ అంతా చూసింది. తల వంచుకుని అన్నం కలుపుకుంది.

"అమ్మా, పోదాం," అని అనూహ్య తల్లి కొంగు లాగింది.

"తినెటోళ్ల నడుమకెల్లి లేవొద్దు బిడ్డా. తిననీ."

బంతి ముగిసేదాకా ఇద్దరూ అట్లాగే కూర్చున్నారు. ఇంటికొచ్చి శ్వేత ఎసరు పెట్టింది. అత్త వస్తుందేమోనని తలుపు తీసే ఉంచింది. ఆమె రాలేదు.