ఎవరి రెండు రోజులు?

ఆ భవనానికి కిటికీలు లేవు. ఉన్నవాటిని ఇటుకలతో మూసేసి పైన తెల్లరంగు కొట్టించారు. లోపల పదిమంది దాకా మనుషులు వేరే గ్రహంవాళ్ళ రోజును బతుకుతున్నారు. గోడకు ఆనుకునే ఉన్న వంటగదిలో వంటావిడ ఒక్కోసారి తెల్లారగట్ల వాళ్ళకు రాత్రి భోజనం వండేది, ఒక్కోసారి ఎర్రటి ఎండలో పొద్దుటి రొట్టెలు కాల్చేది. లోపలున్నవాళ్ళలో ఒకడు ఆమె సొంత తమ్ముడు.

అందరూ పెద్దసారు అని పిలిచే ఆయన ఆలోచన అది. ఎక్కడో దూరాన నింపాదిగా తిరిగే గ్రహం ఒకటుందనుకుందాం. అక్కడ పొద్దు మన పొద్దుకన్నా చాలాసేపు ఉంటుంది. తెలివైన ప్రాణులుంటే అంతసేపూ మేలుకుని ఉండలేవు కనక రోజును నాలుగు ముక్కలు చేసుకుని ఉంటాయి: పెద్ద మెలకువ, కునుకు, చిన్న మెలకువ, పెద్ద నిద్ర. గంటలూ నిమిషాలూ లేవు. గోడమీద దీపం పసుపురంగుకు తిరిగితే లేవాలి, ఊదారంగుకు తిరిగితే పడుకోవాలి. అలాంటి రోజుకు మనిషి ఒళ్ళు ఒప్పుకుంటుందా లేదా అన్నది పెద్దసారు తేల్చుకోవాలి. అందుకని బయటి వెలుతురు, బయటి కబురు లోపలికి పోకూడదు. అన్నిటికన్నా మొదటి నియమం అదే.

తమ్ముడు బళ్ళు బాగుచేసే మెకానిక్. పనిచేసే షెడ్డు మూతపడి ఖాళీగా ఉన్నప్పుడు అక్కే వాడి చెవిన వేసింది ఈ కబురు. వాడు ఎగిరి గంతేశాడు. బస్సు కండక్టరుగా చేసి దిగిపోయిన వాళ్ళమ్మ మాత్రం, "రోజుకి రెండు నిద్రలా? అయితే వీడు పుట్టాల్సింది అక్కడే. దిగాల్సిన స్టాపు దాటొచ్చి నా ఒళ్ళో పడ్డాడు," అని కడుపు పట్టుకుని నవ్వింది.

ఆ అమ్మ ఒకరోజు బట్టలు ఆరేస్తూ ఆరేస్తూ కూలబడిపోయింది. పక్కింటి పిన్ని ఆస్పత్రిలో చేర్పించి కబురు పెట్టింది. వంటావిడ వెళ్ళేసరికి అమ్మకు ఒకవైపు పడిపోయింది, మాట ముద్దముద్దగా వస్తోంది. అందులో తెలిసేది ఒక్కటే. చిన్నోడేడీ?

వంటావిడ వెళ్ళి, తమ్ముణ్ణి బయటికి పంపమని ఆ భవనం చూసుకునే మేనేజరమ్మను అడిగింది. ఆవిడ తన చేతుల్లో ఏమీ లేదని పెద్దసారు గదిలోకి పంపింది. ఆయన కుర్చీ చూపించాడు, మంచినీళ్ళు తెప్పించాడు, మధ్యలో ఒక్క మాటైనా అడ్డు రాకుండా అంతా విన్నాడు.

"మీ బాధ నాకు అర్థమైందమ్మా. కానీ ఇప్పుడు ఆయనకి చెప్తే ఇన్నాళ్ళ పని బూడిదలో పోసినట్టే. రెండు రోజులు ఓపిక పట్టండి. మొదటి దశ అయిపోతుంది. నేనే కారిచ్చి పంపిస్తాను."

"ఎవరి రెండు రోజులు సార్?"

ఆయనకు అర్థం కాలేదు.

"లోపలి రెండు రోజులా, మా అమ్మ రెండు రోజులా?"

పెద్దసారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "లోపలివే," అన్నాడు. తర్వాత ఓదార్పుగా ఇంకో మాట కూడా అన్నాడు. "ఆలోచించండి. తెలియనంతవరకూ ఆయనకి ఏ బాధా లేదు కదా."

అరికాలి మంట నెత్తికెక్కింది వంటావిడకు. అయినా నోరు మాత్రం "సరే సార్" అంది. ఎన్నో ఏళ్ళుగా ఎవరెవరికో అని అని అరిగిపోయిన మాట, తనంతట తానే జారిపోయింది. వంటగదిలోకొచ్చి ఉల్లిపాయలు కోస్తుంటే కత్తి చెక్కలోకి దిగబడింది. ఆయనమీద ఎంత కోపమో తనమీద అంతకు పదింతలు. ఆ పూట కూడా వండింది. తమ్ముడికి ఇష్టమని రొట్టె అంచులు మాడనిచ్చి పంపింది. ఖాళీ పళ్ళెం తిరిగొచ్చింది. వెధవ, శుభ్రంగా తిన్నాడు అనుకుంది, ఆ పళ్ళేన్ని తొట్టిలోకి గిరాటేసింది.

సాయంత్రం ఆస్పత్రిలో అమ్మ బొటనవేలు దుప్పటి అంచును ఒకటే లాగుతోంది, టిక్కెట్లు చింపుతున్నట్టు. చూడాల్సినవాళ్ళను పిలిపించుకోమని డాక్టరు చెప్పి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున వంటావిడ పొయ్యి వెలిగించలేదు. వంటగదికీ లోపలికీ నడుమ చిన్న గది ఉంది. దానికి రెండు వైపులా తలుపులు. ఆమె భోజనాల బండి అక్కడ పెట్టి తన తలుపు మూసుకుంటే, అవతలివాళ్ళు తమ తలుపు తీసి తీసుకుంటారు. అగ్గి భయానికి వాటికి తాళాలు పెట్టలేదు, మాటమీద నడుస్తోంది అంతా. ఆమె తన తలుపు తీసి ఉల్లిపాయల బస్తా అడ్డం పెట్టింది. అవతలి తలుపును కాలితో తన్నింది. వెనకున్న పెరటి గుమ్మంలోంచి ఎండ తిన్నగా నడవ చివరిదాకా పరుచుకుంది.

నడవలో ఒకావిడ గోడ పట్టుకుని నిలబడిపోయింది. "ఇప్పుడు పొద్దునా?" అని అడిగింది. "నేను రాత్రయిందనుకున్నానే." ఆవిడ కళ్ళవెంట నీళ్ళు కారిపోతున్నాయి. వంటావిడ ఆగలేదు.

ఊదారంగు దీపం కింద తమ్ముడు ముసుగుతన్ని పడుకున్నాడు. ఆమె దుప్పటి లాగేసింది. "లే. అమ్మ ఆస్పత్రిలో ఉంది."

వాడు లేచి, కాళ్ళకు దొరికిన చెప్పులు వేసుకుని వెంట పరిగెత్తాడు. తలుపు ముయ్యమని మేనేజరమ్మ ఎదురొచ్చింది. "మేం పోయాక మీరే మూసుకోండి," అంది వంటావిడ.

బస్సులో తమ్ముడు అరచెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకునే కూర్చున్నాడు. అమ్మ ఎప్పుడు పడిపోయిందో అడిగి తెలుసుకున్నాడు. "గోడకవతలే ఉన్నావు కదక్కా," అన్నాడు. "ఒక్క కేక వేస్తే వినపడేది." ఆమె కిటికీలోంచి బయటికి చూసింది. వాడన్నది నిజం కాబట్టి, వాడిమీద కూడా ఒళ్ళు మండింది.

వాణ్ణి చూడగానే అమ్మ మూతి ఒకవైపు నవ్వింది. వాడి చెయ్యి పట్టుకుని వదల్లేదు. కానీ వాడి ఒళ్ళు ఇంకా ఆ గ్రహంమీదే ఉంది. మధ్యాహ్నమయ్యేసరికి మాట మధ్యలోనే రెప్పలు వాలిపోయాయి. కుర్చీలో కూర్చునే, అమ్మ మంచంమీద తల వాల్చి, మొద్దునిద్ర పోయాడు. అమ్మ మంచిచెయ్యి వాడి జుట్టులో ఉంది.

పొద్దు వాలుతుండగా అమ్మ ఊపిరి తీరు మారింది. వంటావిడ డాక్టరుకోసం కేకవేసి, తమ్ముణ్ణి కుదపబోయింది. అమ్మ చెయ్యి జుట్టులోంచి లేచి ఆమె చేతిని తోసేసింది. బలంగా తోసింది. ఒక్క క్షణం ఆగుదాంలే అనుకుంది వంటావిడ. ఆ క్షణంలోనే అయిపోయింది. వాణ్ణి లేపడానికి తర్వాత తడిగుడ్డ కావలసివచ్చింది.

కార్యక్రమాలన్నీ అయ్యాయి. తమ్ముడు అక్కతో మాట్లాడటం మానేశాడు. పగలు పడుకునేవాడు, అందరూ పడుకున్నాక ఇల్లంతా తిరిగేవాడు. వంటావిడను పనిలోంచి తీసేశారని కబురొచ్చింది. ఎండ చూసినవాళ్ళు ఒక్కొక్కరే సంచులు సర్దుకుని వచ్చేశారట. నడవలో ఏడ్చినావిడే అందరికన్నా ముందు బయటపడిందట. భవనం ఖాళీ అయిపోయింది.

ఒక మధ్యాహ్నం పెద్దసారు ఇంటికొచ్చాడు. అమ్మ పోయినందుకు విచారం చెప్పాడు. మాటల్లో కల్మషం ఏమీ లేదు, అందుకే ఇంకా మండిపోయింది వంటావిడకు. తర్వాత గొంతు తగ్గించి, తమ్ముడి నిద్ర మామూలు దారికి ఎలా వస్తోందో గమనించడం చాలా అవసరమనీ, ఒకసారి ఆయనతో మాట్లాడించమనీ అడిగాడు.

"పడుకున్నాడు," అంది ఆమె.

"ఎప్పుడు లేస్తారు?"

"ఆ లెక్క మీ దగ్గరే ఉండాలి సార్. అమ్మ పోయేటప్పుడు కూడా పడుకునే ఉన్నాడు. రాసుకుంటే రాసుకోండి."

ఆయన మొహం పాలిపోయింది. ఏదో అనబోయాడు. అంతకుముందెప్పుడూ ఎవరి మొహంమీదా తలుపు వేసెరగని మనిషి, ఆయన మాట పూర్తికానివ్వకుండా వేసేసింది.

వెనక్కి తిరిగితే తమ్ముడు గదిగుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"నన్నెందుకు లేపలేదు?" అన్నాడు. ఇన్నాళ్ళకు నోరు విప్పి అన్న మొదటి మాట.

"లేపబోయాను. అమ్మ వద్దంది."

"అమ్మకి మాటే రావడం లేదుగా."

"చేత్తో తోసేసింది. ఇదిగో, ఇక్కడ." ఆమె తన మణికట్టు చూపించింది.

వాడు వంగి ఆ మణికట్టును చూశాడు. "ఆవిడెవరు వద్దనడానికి?" అన్నాడు. "నా నిద్ర నా ఇష్టం. ఆవిడెవరు?"

"అదే నేనూ అడుగుతున్నా రోజూ," అంది అక్క. "నన్ను తోసెయ్యడానికి ఆవిడెవరు?"

వాడు వచ్చి ఆమె పక్కన నేలమీద కూలబడ్డాడు. ఇద్దరూ గోడకు చేరగిలబడి అమ్మను నోటికొచ్చినట్టు తిట్టడం మొదలుపెట్టారు.