యజమాని పేరు

నీళ్ళ ట్యాంకులో మోకాళ్ళ లోతున నిలబడి పాచి గీకుతున్నప్పుడు కింద నుంచి మా ఆయన మాట వినిపించింది. పై పోర్షన్లో ఉంటున్న నూకరత్నాన్ని నెలాఖరుకి ఖాళీ చెయ్యమని చెప్పాలట. తన స్నేహితుడు భీమరాజుకి ఆ పోర్షను ఇస్తానని మాటిచ్చేశారట. “నువ్వే చెప్పు. ఆడవాళ్ళూ ఆడవాళ్ళూ మాట్లాడుకుంటే గొడవుండదు,” అన్నారు. సరేనండి అన్నాను. కోపం రాలేదు. బాధ కూడా లేదు. మిగిలిన పాచి గీకేసి, బకెట్టుతో మురికినీళ్ళు తోడి పోశాను.

నరసాపురంలో ఈ ఇంటిని ఆయన పేరుతో చంద్రరావుగారి ఇల్లు అంటారు. స్థలం కొన్నది మా అమ్మ మహాలక్ష్మమ్మ. నలభై ఏళ్ళు కిటికీ పక్కన కూర్చుని లేసు అల్లి, చూపు మందగించాక, కింద నాలుగు గదులు కట్టించి నా పేరున రిజిస్ట్రీ చేయించింది. ఆ తర్వాత నా గాజులూ గొలుసూ అమ్మి పైన రెండు పోర్షన్లు వేశాం. అద్దెకొచ్చిన వాళ్ళకి మాత్రం ఆయన ఓనరుగారు, నేను ఓనరుగారి ఆవిణ్ణి. మోటారు కాలిపోతే మెకానిక్కు కోసం తిరిగేదీ, తూము పూడుకుపోతే చెయ్యి పెట్టేదీ, ఒకరు ఖాళీ చేసి వెళ్ళాక వాళ్ళ వంటింటి జిడ్డు కడిగేదీ నేను. అగ్రిమెంటు మీద ‘యజమాని’ అన్నచోట సంతకం పెట్టేది ఆయన. “కాగితాల్లో ఎవరి పేరుంటే ఏంటమ్మా, వీధిలో అడిగేది మావాడి పేరే కదా,” అనేది మా అత్తగారు. ఒకసారి చుట్టాల ముందు మా ఇల్లు అనబోయి నా ఇల్లు అన్నాను. “మా ఆవిడ కూడా ఓనరేనండోయ్,” అన్నారాయన. అందరూ నవ్వారు. నేనూ నవ్వి, కాఫీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయాను. అసలు నేనే ఎవరైనా ఫోన్ చేస్తే ‘మా యజమాని ఇంట్లో లేరండి’ అంటాను. మొగుడికీ ఇంటి హక్కుదారుకీ ఒకే మాట కావడం నాకెప్పుడూ వింతగా అనిపించలేదు.

చీర కుచ్చిళ్ళు పిండుకుని నూకరత్నం వాకిట్లోకి వెళ్ళాను. అంతర్వేది వైపు మనిషి. మొగుడు సముద్రం మీద చేపల వేటకి వెళ్ళి తిరిగి రాలేదు. ఇక్కడ లేసు షెడ్డులో పని చేస్తూ కూతురు శ్రీదుర్గని పదో తరగతి చదివిస్తోంది. కత్తిపీట ముందు కూర్చుని చేపలు తోముతున్నదల్లా లేచి చేతులు కడుక్కుంది. చెప్పాల్సింది చెప్పేశాను. నా నోరు ఎక్కడా తడబడలేదు.

ఆమె తడిచేతులు కొంగుకి తుడుచుకుంది. వచ్చే నెల పిల్ల పరీక్షలనీ, మొగుడు లేని ఆడదానికి, అందునా చేపలు వండుకునేవాళ్ళకి వెంటనే ఇల్లెవరిస్తారనీ నెమ్మదిగా అంది. ఆయన మాటిచ్చేశారు రత్నం, అన్నాను.

“ఆయన సంగతి సరేనండి. మీరేమంటారండి అమ్మగారూ?”

పొయ్యి మీద పప్పు ఉందని చెప్పి దిగి వచ్చేశాను. పొయ్యి మీద ఏమీ లేదు.

మధ్యాహ్నం వార్డు సచివాలయం నుంచి ఒక అమ్మాయి వచ్చింది, ఇళ్ళ వివరాలు సరిచూడ్డానికి. ఆయన భోజనం చేసి పడుకున్నారు. యజమాని పేరు చెప్పండి అంది. చంద్రరావుగారండి అన్నాను. ఆ అమ్మాయి ట్యాబులో వెతికింది, మళ్ళీ వెతికింది.

“ఆ పేరు రావట్లేదండి. సత్యకుమారి అని ఉంది. ఆవిడ ఉన్నారాండి?”

గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. తిమ్మిరెక్కిన కాలిని చేత్తో నొక్కి చూసుకున్నప్పుడు అది ఎవరిదో అనిపిస్తుంది. అలా ఉంది నాకు నా పేరు వింటుంటే. ఆ అమ్మాయి ఎండలో ఓపిగ్గా చూస్తోంది.

“నేనేనండి,” అన్నాను.

వేలిముద్ర వేయించుకుంది. ఓనరు ఫోన్ నంబరు అడిగితే నాది చెప్పాను. రెండంకెలు తప్పు చెప్పి మళ్ళీ సరిదిద్దుకున్నాను. ఆమె వెళ్ళాక చాలాసేపు అక్కడే నిలబడ్డాను. సంతోషంలాంటిదేమైనా వస్తుందేమోనని చూశాను. రాలేదు. కాళ్ళు మాత్రం మెట్ల వైపు నడిచాయి.

అప్పటికి సాయంత్రం నాలుగైంది. ఆయన లేచి కింద వరండాలో పేపరు చదువుతున్నారు. పైన నూకరత్నం అప్పటికే గిన్నెలు అట్టపెట్టెలో సర్దుతోంది. శ్రీదుర్గ పుస్తకాలు తాడుతో కడుతోంది.

ఆ తాడు విప్పమ్మా అన్నాను పిల్లతో. ఖాళీ చెయ్యక్కర్లేదనీ, రేపు పదింటికి దస్తావేజు లేఖరి దగ్గరికి వెళ్ళి పదకొండు నెలలకి కొత్త అగ్రిమెంటు రాయించుకుందామనీ రత్నంతో చెప్పాను. ఆమె చేతిలో సత్తుగిన్నె అలాగే ఉండిపోయింది. పిట్టగోడ మీంచి కిందికి ఒకసారి తొంగి చూసి, గొంతు తగ్గించింది.

“ఓనరుగారు ఒప్పుకున్నారాండి?”

కింద పేపరు చప్పుడు ఆగింది.

“ఒప్పుకున్నాను,” అన్నాను.