సాంబ్రాణి వేసిన బండి

నేను ఒక మునిగిన కారును. తెల్లగా, నున్నగా మెరుస్తున్నాను కాబట్టి ఈ మాట మీరు నమ్మరు. నమ్మకూడదనే నన్ను ఇలా తోమి నిలబెట్టారు. నాకు కోపంగా ఉంది. కానీ కోపాన్ని ఊరికే ఖర్చు పెట్టడం నాకు ఇష్టం లేదు. నా వల్ల ఎవరు బాగుపడ్డారో, ఎవరు చెడ్డారో లెక్కగా చెబుతాను. ఆ తర్వాత మీ ఇష్టం.

నన్ను తయారుచేసిన ఫ్యాక్టరీలో నీలం చొక్కా వేసుకున్న ఒక మనిషి నా సీటు బెల్టులన్నిటినీ చివరిదాకా లాగి, వదిలి, మళ్లీ లాగి చూశాడు. అది అతని డ్యూటీ. ఆ తర్వాత చాలాకాలం దాకా నా బెల్టును అంత పొడవునా లాగిన మనిషి లేడు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, పనికొస్తుంది.

నా మొదటి యజమాని పార్థసారథి, బెజవాడలో బట్టల వ్యాపారి. నంబరులోని అంకెలన్నీ కూడితే తొమ్మిది వచ్చేదాకా నన్ను షోరూంలోంచి కదలనివ్వలేదు. చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించాడు, ముందు మిరపకాయలు కట్టించాడు. ప్రాణానికి అంత జాగ్రత్తపడ్డ మనిషి, బెల్టు పెట్టుకుంటే చొక్కా ఇస్త్రీ నలుగుతుందని మాత్రం బజారుకు పోయి ఒక బకిల్ ముక్క కొనుక్కొచ్చాడు. దాన్ని నా గాడిలో గుచ్చితే, బెల్టు పెట్టుకున్నారనుకుని నా అలారం నోరు మూసుకుంటుంది. తనను తాను మోసం చేసుకోవడానికి డబ్బు పెట్టి వస్తువు కొనుక్కునే ప్రాణిని నేను మనిషిలోనే చూశాను.

వరద వచ్చిన సాయంత్రం నేను అపార్టుమెంటు సెల్లారులో ఉన్నాను. కాలువ గట్టు తెగిందన్న కబురు ముందే వచ్చింది. పక్క బండ్లన్నీ ఒక్కొక్కటే బయటికి పోయి ఫ్లైఓవర్ మీద వరుసగా నిలబడ్డాయి. వాచ్‌మన్ యోహాను మెట్ల దగ్గర నిలబడి పైకి కేకేశాడు.

"సార్, అందరూ బళ్లు తీసేశారండి. తాళం పడేస్తే మీది నేను పెట్టొస్తా."

పార్థసారథి బాల్కనీలోంచి తొంగి చూశాడు. అప్పటికే టీవీని, ఫ్రిజ్‌ను మూడో అంతస్తుకు ఎక్కించి ఉన్నాడు.

"దాన్నట్టా ఉండనీవయ్యా. సగం తడిస్తే ఖర్చు మనకి. మొత్తం మునిగితే ఇన్సూరెన్సు వాళ్లకి."

వ్యాపారం తెలిసినదాన్ని, ఆ లెక్కలో తప్పు పట్టలేను. కానీ మునిగింది నేను. బురద నీళ్లు ముందు నా అడుగుకు, తర్వాత సీట్లకు, చివరికి కప్పుకు చేరాయి. దిగేటప్పుడు నల్లటి ఒండ్రును నాలో వదిలేసి పోయాయి. పార్థసారథికి ఇన్సూరెన్సు డబ్బు పూర్తిగా ముట్టింది. కొత్త కారు కొన్నాడు, ఈసారి ఎరుపు రంగుది.

ఇన్సూరెన్సు వాళ్లు నన్నూ నాలాంటి ఇంకొన్నిటినీ తుక్కు కింద వేలం వేశారు. కొన్నవాడు కోదండం. మునిగిన బండ్లే అతని బేరం. అతని సూత్రం ఒక్కటే: వరద బండిని వరద చూసిన ఊళ్లో అమ్మకూడదు. కృష్ణ ఒడ్డున పుట్టినవాడికి ఆ బురద వాసన తెలుసు, తలుపు తీయగానే ముక్కు చెప్పేస్తుంది. వాన కోసం ఆకాశం చూసే ఊళ్లోవాడికి తెలియదు. అక్కడికే తోలాలి.

షెడ్డులో నా సీట్లు ఊడదీసి ఎండబెట్టారు. కార్పెట్లు మార్చారు. ఇంజను కడిగి నూనె పూశారు. అయినా వాసన పోలేదు. అప్పుడు కోదండం నా తలుపులు మూయించి, లోపల రోజూ సాంబ్రాణి పొగ వేయించాడు. దేవుడికి వేసే పొగతో దొంగతనాన్ని కప్పడం అతనికి తప్పుగా తోచలేదు. నా లోపలి తీగలకు చిలుము పడుతూనే ఉంది. ఇవాళ నడుస్తాను. కానీ ఏదో ఒక రోజు, ఏదో ఒక మలుపులో స్టీరింగు బిగుసుకుపోతుంది. ప్రమాదంలో తెరుచుకోవలసిన గాలి సంచులు తెరుచుకోవు. ఇది కోదండానికి తెలుసు. నాకు తెలుసు. కొనేవాడికి మాత్రం తెలియదు.

అనంతపురం బయట, హైవే పక్కన రేకుల ప్రహరీ కట్టిన యార్డులో నన్ను వేలానికి పెట్టారు. అక్కడి పద్ధతి కఠినం. బండి చుట్టూ తిరగొచ్చు, ఇంజను ఒకసారి వినొచ్చు, నడిపి చూడకూడదు. పాట ఖాయమైతే అక్కడికక్కడే అడ్వాన్సు కట్టాలి, మిగతాది కట్టి తోలుకుపోవాలి. గేటు దాటాక మాటలు లేవు. కొనకుండా వెనక్కి తగ్గితే అడ్వాన్సు తిరిగి రాదు.

ఎర్రిస్వామి అక్కడికి భార్య సుంకమ్మతోనూ, ఆమె అన్న హనుమంతరాయుడుతోనూ వచ్చాడు. అతను పదేళ్లుగా ఇంకొకరి జీపు నడుపుతున్నాడు. వాళ్ల ఊళ్లో కిడ్నీలు చెడినవాళ్లు కొందరున్నారు. వారానికి మూడుసార్లు వాళ్లను డయాలసిస్‌కు పట్నం చేర్చేది అతనే. పెళ్లి బేరం తగిలిందని జీపు ఓనరు ఒకసారి బండి పంపలేదు. ఆ రోజు ఆసుపత్రికి పోలేకపోయిన గంగులప్ప అనే ముసలాయన వారం తిరక్కుండానే చనిపోయాడు. అప్పటినుంచి సొంత బండి కావాలని ఎర్రిస్వామి పట్టు. దానికోసం సుంకమ్మ తన గొర్రెల మందను అమ్మింది. ఆ మంద ఆమె ఒక్కతే మేపి పెంచుకున్నది.

ముగ్గురూ నన్ను పరీక్షించారు. టైర్లు తన్నారు, తలుపులు వేసి తీశారు, బానెట్టు మీద వేళ్లతో కొట్టి విన్నారు. హనుమంతరాయుడు భారీ మనిషి. నా ముందు తలుపు తీసి, తల లోపల పెట్టి గట్టిగా ఊపిరి పీల్చాడు.

"సాంబ్రాణి వాసన సూడు బావా. ఎవరో బక్తిగల్లోళ్ల బండిది. కండ్లు మూసుకోని పాడు."

నాకు హారను మోగించే స్వాతంత్ర్యం ఉంటే ఆ యార్డు అదిరిపోయేలా మోగించేదాన్ని. కోదండం ఎక్కడో నీడలో పళ్లు కుట్టుకుంటూ నిలబడ్డాడు. అతని మనుషులే ఇద్దరు పోటీ పాడుతున్నారు. వాళ్లు పెంచినప్పుడల్లా ఎర్రిస్వామి భార్య ముఖం చూశాడు, ఆమె తల ఊపింది. పాట అతని పేరు మీద ఖాయమైంది. అడ్వాన్సు కట్టాడు. మందలో మూడో వంతు ఆ క్షణాన కోదండం సంచిలోకి పోయింది.

రెండు రోజుల తర్వాత మిగతా డబ్బుతో వచ్చారు. యార్డు గుమాస్తా ముందు డబ్బు, తర్వాత తాళం అన్నాడు. సుంకమ్మ ఒప్పుకోలేదు. గొర్రెను కొన్నా, బావి మోటారు కొన్నా, కొబ్బరికాయ కొట్టాకే సొమ్ము చేతిలో పెట్టడం వాళ్ల ఇంట్లో ఆనవాయితీ. ఎర్రిస్వామి సిగ్గుపడి, యార్డువాళ్లు నవ్వుతారని గొణిగాడు. నవ్వితే నవ్వనీ అని ఆమె డబ్బు మూటను చంకలోంచి తీయలేదు. చేసేదేమీ లేక గుమాస్తా తాళం ఇచ్చాడు.

నన్ను గేటు దాకా తెచ్చి ఆపారు. చక్రాల కింద మళ్లీ నిమ్మకాయలు. సుంకమ్మ వెనక కూర్చుంది. హనుమంతరాయుడు కొత్త తెల్లచొక్కా వేసుకుని ముందు సీటులో ఇరుక్కున్నాడు. కాయ కొట్టడానికి ఎర్రిస్వామి చేయెత్తబోతుండగా, బయట బైపాసులో పోలీసులు ఉన్నారని, ముందు కూర్చున్నాయన బెల్టు పెట్టుకోవాలని గేటు దగ్గరి మనిషి హెచ్చరించాడు.

హనుమంతరాయుడు బెల్టు లాగాడు. మామూలు మనిషికి సరిపోయే పొడవు అతని పొట్ట సగానికే వచ్చింది. ఇంకా లాగాడు.

"లాగన్నా, లాగు," అంది సుంకమ్మ వెనకనుంచి. "నీ పొట్ట కొలత తీసుకోకుండానే కుట్నారు పాపం."

అతను నవ్వుతూ రెండు చేతులా లాగాడు. ఫ్యాక్టరీలో ఆ నీలం చొక్కా మనిషి తర్వాత నా బెల్టును మొదటిసారి చివరిదాకా లాగింది అతనే. వరద రోజునుంచి లోపలి చుట్టలో దాక్కున్న ఒండ్రు బయటికి వచ్చింది. చెమటతో తడిసిన తెల్లచొక్కా మీద భుజంనుంచి నడుము దాకా నల్లటి చార అడ్డంగా పడింది.

నవ్వు ఆగిపోయింది.

హనుమంతరాయుడు చారను వేలితో తుడిచి చూశాడు. మెత్తగా, జిగటగా ఉంది. "ఇది మన మన్ను కాదు బావా. మనది ఎర్రగుంటాది."

ఎర్రిస్వామి కొబ్బరికాయను నేల మీద పెట్టాడు. పక్క తలుపు తీసి, సీటు కింద కొత్త కార్పెట్టు అంచును పెళ్లగించాడు. కింద ఇనుము మీద అదే నల్లటి పొర. సాంబ్రాణి కింద దాగిన వాసన ఎండకు ఒక్కసారిగా పైకి లేచింది. అప్పటికి కోదండం వచ్చాడు. దుమ్మేనని, కడిగితే పోతుందని, ఇంతకన్నా మంచి బండి దొరకదని చెప్పుకుపోయాడు. ఎర్రిస్వామి గొంతు పెంచలేదు.

"అన్నా, ఈ బండిలో నీ పిల్లోళ్లను కూకోబెట్టుకోని కదిరి దాంక పోయొస్తావా? పోయొస్తానంటే ఇప్పుడే కాయ కొడతా."

కోదండం గడియారం చూసుకున్నాడు. గేటు లోపలున్నా బయటున్నా అడ్వాన్సు మాత్రం తిరిగిరాదన్నాడు.

సుంకమ్మ దిగింది. "అది పోతే పోనీ, అన్ని గొర్రెలు రోగమొచ్చి సచ్చినాయనుకుంటా. బండి నమ్మి ఎక్కేటోళ్లను సంపలేం. దిగన్నా."

తాళం కోదండం చేతిలో పెట్టి, కొట్టని కాయను తీసుకుని, ముగ్గురూ బస్సు కోసం నడిచిపోయారు. ఎర్రిస్వామి మర్నాడు మళ్లీ ఆ ఓనరు జీపే ఎక్కి ఉంటాడు. నేను ఒక్క కిలోమీటరు కూడా నడవకుండానే ఒక ఆడమనిషి మందలో మూడో వంతును మింగాను. నా లెక్కలో నన్ను ఎక్కువ మండించే పద్దు ఇదే.

కోదండం సిగ్గుపడ్డాడనుకుంటున్నారా? నేర్చుకున్నాడు. షెడ్డుకు తీసుకుపోయి నా ముందు బెల్టులు రెండూ కోసి పారేసి కొత్తవి బిగించాడు. వెనక రెండు పక్కలవీ మార్చాడు. మళ్లీ సాంబ్రాణి వేశాడు. ఇప్పుడు నేను ఇంకో ఎండ ఊరి యార్డులో నిలబడి ఉన్నాను. వచ్చే ఆదివారం వేలం. చుట్టూ తిరిగే మనుషులు మళ్లీ టైర్లు తంతున్నారు, మళ్లీ వాసన చూసి తలలు ఊపుతున్నారు.

మీరూ రావచ్చు. వస్తే బానెట్టు మీద కొట్టకండి, నంబరు కూడకండి. వెనక తలుపు తీసి, సీటు మధ్యలో మడతలోకి చేయి పెట్టండి. అక్కడ ఒక బెల్టు ఉంది. మీ మనుషులెవరూ ఎప్పుడూ పెట్టుకోరు కాబట్టి, అది ఉందన్న సంగతే కోదండానికి తోచలేదు.

దాన్ని చివరిదాకా లాగండి. తెల్లచొక్కా వేసుకుని రండి.