అడిగితే జవాబుండేది

పడుగుకు పెట్టే గంజి కాస్తూ వాళ్ళ మాటలు వింటున్నాను. తిరుత్తణిలో మా వీధిన తెల్లారగానే మగ్గానికెక్కే నిలువు దారాల పడుగు పరుస్తారు, ఎండ ముదిరేలోగా వాటికి గంజి పట్టించి ఆరబెట్టాలి. మా ఆయన ఏళుమలై, మరిది గోపాలన్ కర్రలు పాతుతూ నిన్న టెంటు కొట్టాయిలో చూసిన రాకెట్టు సినిమా గురించి వాదులాడుకుంటున్నారు. నన్నూ పిలుచుకుపోతానని ఆయన పెళ్ళయిన కొత్తలో అన్నాడు. ఇంకా అంటూనే ఉన్నాడు.

"రాకెట్టయితే ఏంది, మంత్రమేసిన రథమయితే ఏందన్నా? రెండూ ఎగిరేదే గదా!" అన్నాడు గోపాలన్.

"అట్లా గాదురా. మనిషి చంద్రుడి మింద కాలుపెట్టి పదేండ్లు దాట్లేదా? రాకెట్టు ఎట్లా ఎగిరిందని అడుగు. మిషనుండాది, మంట ఎగదోస్తాదని ఒక కారణం జెప్తారు. కతే గానీ, కారణముంటాది. రథం ఎట్లా ఎగిరిందంటే సామి మహిమ. నోరు మూసుకోవాల. అడిగితే జవాబుండేది సైన్సు సినిమా. అడగకూడనిది మాయ సినిమా."

నా చేతిలో గరిటె ఆగిపోయింది.

పోయిన ఆడి నెలలో, అదే ఆషాఢంలో, నాకు ఏడో నెల. బిడ్డ పోయింది. "కడుపుతో ఉండేది పడుగు దాటింది, అమ్మోరు ఊరుకుంటాదా?" అని అత్త వరదమ్మ వీధంతా చెప్పింది. దాటిన మాట నిజమే. గంజికుండ చంకనెత్తుకుని అటువైపుకు పొమ్మంటే దాటక ఏం చేస్తాను? తిరువళ్ళూరు ఆస్పత్రిలో డాక్టరమ్మ ఆయన్నే నిలదీసింది, ఏడో నెల మనిషి చేత ఇంత బరువు మోయిస్తారా, పగలంతా రాట్నం ముందు కూర్చోబెడతారా అని. ఆయన తలవంచుకుని విన్నాడు. బస్సులో నా పక్కనే కూర్చుని వచ్చాడు. ఇంటికొచ్చాక తల్లి అమ్మోరి మాట ఎత్తితే మాత్రం నోరు విప్పలేదు. డాక్టరమ్మ మాట నేనూ విన్నాను. కానీ ఇల్లంతా ఒక్కటై చెప్పేదాని ముందు అది నిలవలేదు. నా బిడ్డను నేనే చంపుకున్నానని ఏడాదంతా కుమిలిపోయాను, అమ్మోరి ముందు చెంపలు వేసుకున్నాను. రాకెట్టుకు కారణం కావాలనే మనిషి తన బిడ్డ చావును మాయ సినిమాలో వదిలేశాడు.

ఇప్పుడు నాకు మళ్ళీ ఐదో నెల.

"దేవకీ, కుండ ఎత్తుకోని రా! పొద్దెక్కతా ఉండాది," అత్త వీధిలోంచి కేకేసింది. "పడుగు దాటబాక, సుట్టూ తిరిగి రా. పోయినసారి సేసింది సాలు."

పొయ్యిలో కట్టెలు వెనక్కి లాగి, కుండను అలాగే వదిలి గడపలోకి వచ్చాను.

"ఏమయ్యా, పోయినసారి మన బిడ్డ ఎందుకు పోయింది?"

ఆయన ఉలిక్కిపడ్డాడు. "ఇప్పుడెందుకే ఆ మాట? వీధిలో అందురూ..."

"డాక్టరమ్మ నీతోనే గదా జెప్పింది. మీయమ్మకు నువ్వే జెప్పు. ఆ మాట జెప్పినాకనే నేను బరువెత్తాల్నా వద్దా అనేది మాట్లాడదాం."

"ఏం జెప్పిందిరా డాక్టరు?" అంది అత్త, కొడుకు వైపు తిరిగి.

ఆయన తెగిన పోగు ఏదో వెతుకుతున్నట్టు పడుగు మీదికి వంగాడు. గోపాలన్ అన్న వంకే చూస్తున్నాడు. నాకు భయమేసింది, ఆ పోయిన బిడ్డ గుర్తొచ్చి కళ్ళు నిండాయి. అయినా గడపలోంచి కదల్లేదు.

లోపల గంజి చల్లారి తెట్టు కట్టింది. నేను జవాబు కోసం నిలబడే ఉన్నాను.