చరణం దాకా వినని మెకానిక్

పొద్దున్నే షట్టర్ ఎత్తగానే రేడియో మెకానిక్ నాలుగు సెట్లు ఒకేసారి ఆన్ చేసేవాడు. బాగుచేసిన సెట్టు పూటంతా మోగితే గానీ దాని జబ్బు నిజంగా కుదిరిందో లేదో తెలియదు. నాలుగింట్లో నాలుగు పాటలు వస్తుంటే, ఆయన వాటికి వీపు తిప్పి ఐదోదాన్ని విప్పుకుంటూ కూర్చునేవాడు. వెనకగదిలోంచి ఆయన భార్య చీపురూ చేటా పట్టుకుని వచ్చేది.

ఎవరూ వినని పాట నూగై రాలుతుంది. ఇది అందరికీ తెలిసిన సంగతే. సెలూన్లో దాన్ని జుట్టుతో కలిపి ఊడ్చేస్తారు. బస్సు కండక్టరు డ్యూటీ దిగాక జేబులు దులుపుకుంటాడు. పక్కవీధి టైలరు, ఊరికే పోవడం ఎందుకని, ఒకసారి దాంతో దిండు కుట్టాడు. దాని మీద పడుకున్న అతని బావమరిదికి వారం రోజులపాటు ఏ మాటా సగం దాటి నోట్లోంచి రాలేదు. ఆ వారం ఇల్లు ప్రశాంతంగానే ఉంది గానీ, దిండు మాత్రం పారేశారు.

మెకానిక్ షాపులో రోజుకి రెండు చేటల నూగు వచ్చేది. భార్య మొదట్లో లెక్కచేయలేదు. నాలుగేళ్ళ కిందట దగ్గు పట్టుకుంది. ఈమధ్య నాలుగు మెట్లెక్కితే ఐదో మెట్టు మీద కూర్చుండిపోతోంది. డాక్టరు ఎక్స్‌రేని దీపం ముందు పెట్టి చూపించాడు. ఎడమవైపు అడుగున, పాత స్వెట్టరు మీద ఉండలు కట్టినట్టుగా ఉంది.

"ఆ సెట్లయినా ఆపండి, కూర్చుని వినైనా వినండి. మూడో మందు నా దగ్గర లేదు," అన్నాడు డాక్టరు.

మెకానిక్‌కి మనసు చివుక్కుమంది. ముప్ఫై ఏళ్ళుగా తన పనే వినడమని చెప్పాడు. అందులో అబద్ధమేం లేదు. ఏ సెట్టులో ఏ పార్టు పోయిందో వీధి చివర నుంచే చెప్పేయగలడని ఆయన చెవికి పేరుంది. కాకపోతే ఆ చెవి ఏ పాటనీ పల్లవి దాటి వినలేదు. పల్లవి అయ్యేలోపే బేసూ ట్రెబులూ తెలిసిపోతాయి. ఆపైన పాటతో ఆయనకేం పని?

అయినా డాక్టరు మాట కాదనకుండా, మర్నాడు మూడు సెట్లు ఆపేసి, నాలుగోదాని స్పీకరుకి చెవి ఆనించి గంటసేపు కూర్చున్నాడు. వెనక గుయ్యిమనే శబ్దం ఉందా, స్పీకరు అట్ట చిరిగిందా, వాల్యూం పెంచితే బొంగురు పోతోందా అని ఒళ్ళంతా చెవి చేసుకుని విన్నాడు. లేచేసరికి మోకాళ్ళ దాకా నూగు. భార్య దగ్గుకుంటూనే ఆయన భుజాలు దులిపింది.

"విన్నారా?"

"విన్నాను."

"ఏం పాట?"

ఆయన స్పీకరు వైపు చూశాడు. ఆమె చీపురు మూలన పెట్టేసి అటక మీది బ్యాగు దించింది. గొడవేం పడలేదు. శుక్రవారం నాలుగింటి బస్సుకి అక్క వాళ్ళింటికి వెళ్తానంది. అక్కకి రేడియో లేదు. మళ్ళీ ఎప్పుడొస్తావని అడిగితే, ఊపిరాడినప్పుడు వస్తానంది. కోపంగా అని ఉంటే ఆయనకి అంత భయం వేసేది కాదు.

శుక్రవారం మధ్యాహ్నం బడి పంతులమ్మగారి టేప్ రికార్డరు బల్లమీద ఉంది. లోపల క్యాసెట్ కూడా ఉంది. నొక్కాడు. రెండు మాటలు రాకముందే రోగం తెలిసిపోయింది. బెల్టు సాగింది, అందుకే పాట ఈడ్చుకుంటూ వస్తోంది. కొత్త బెల్టు సోమవారం గానీ రాదు. ఆపుదామని చెయ్యి చాచాడు. ఆపాక ఇంకేం చెయ్యాలి? లోపలికెళ్ళి, మొండికేసిన బ్యాగు జిప్పు లాగడానికి సాయం పట్టాలి. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

అలా పల్లవి అయిపోయింది, చరణం మొదలైంది. చరణమంటే పల్లవినే సాగదీయడం అనుకున్నాడు ఇన్నాళ్ళూ. కాదు. పల్లవిలో అంత ధీమాగా పాడిన గాయని, ఇక్కడ తన మాట మీద తనకే నమ్మకం లేనట్టు పాడుతోంది. మూడో పాదం ముందు ఊపిరి తీసుకుంది. వయొలిన్ తప్పుకుని ఆమెకి దారిచ్చింది. తిరిగి పల్లవికొచ్చేసరికి మాటలు అవే, పాడే మనిషి మాత్రం మునుపటి మనిషి కాదు. మెకానిక్‌కి ఏడుపొచ్చింది. ముప్ఫై ఏళ్ళు అందరినీ గుమ్మం దగ్గర్నించే పంపేశానని సిగ్గు కూడా వేసింది.

పాట అయిపోయింది. బల్లమీద నూగు లేదు. టేపు ఖాళీగా తిరుగుతోంది. ఆయన చెవులు మాత్రం ఇంకా వింటూనే ఉన్నాయి. ఎక్కడో సన్నగా ఈల. ఏదైనా సెట్టు ఆపడం మర్చిపోయానేమోనని చూశాడు. అన్నీ ఆపే ఉన్నాయి. ఈల వెనకగదిలోంచి వస్తోంది.

లోపల భార్య మంచం మీద కూర్చుని బ్యాగు మూస్తోంది.

"నీ ఊపిరి చివర ఈల వస్తోంది," అన్నాడు.

"నాలుగేళ్ళ నుంచీ వస్తోందండీ."

మెకానిక్ ఆమె పక్కన కూర్చుని చెవి వీపుకి ఆనించాడు. అది వట్టి ఈల కాదు, చరణం. ఎప్పుడో తన షాపులో మోగి, తను విననిది. మొదటి పాదం నుంచి చివరిదాకా విన్నాడు. మధ్యలో ఆమె ఏదో అనబోతే, ఆగమని చెయ్యి చూపించాడు. చరణం అయ్యాక ఆమె తీసుకున్న ఊపిరి, అంతకుముందు దానికన్నా బెత్తెడు లోపలికి వెళ్ళింది. ఆమె ఆశ్చర్యపోయి ఇంకొకటి తీసుకుంది. లోపల పాట చరణం ఉందని ఆయన చెప్పాడు.

"ఇలాంటివి లోపల నాలుగేళ్ళవి ఉంటాయేమో," అంది.

"ఉండనీ. నువ్వు కదలకు," అన్నాడు.

నాలుగింటి బస్సు వీధి మలుపులో రెండుసార్లు హారన్ కొట్టి వెళ్ళిపోయింది. అప్పటికి మెకానిక్ మూడో పాట చరణంలో ఉన్నాడు.