పూజనాడు విప్పిన ఫిల్టర్

మా ఆయన శామ్ రైలింజను నడుపుతాడు. కోల్‌కతాకి కొన్ని గంటల దూరంలోని మా రైల్వే ఊళ్ళో, పూరీ గేట్ పేటలో, కార్లు బాగుచేసే షెడ్డు నడిపేది నేను. బళ్ళు బాగుచేసేవాళ్ళని ఇక్కడ మిస్త్రీలంటారు. నాకు కోపమెక్కువని చుట్టుపక్కల అందరికీ తెలుసు. అది తెలియబట్టే సామాను వేళకి వస్తోంది.

విశ్వకర్మ పూజ ముందురోజు, టాక్సీ నడిపే తబిత తన కారు సర్వీసుకి తెచ్చింది. పూజనాడు ఊళ్ళో డ్రైవర్లంతా బళ్ళకి దండలేసి నిలబెట్టేస్తారు. తబిత చర్చికి వెళ్ళే పిల్ల కనుక ఆమెకి ఆ పట్టింపు లేదు. అందుకే ప్రేమ్ బజార్‌లోని ఒక పెద్ద కుటుంబాన్ని ఆరోజు కోల్‌కతా విమానాశ్రయంలో దింపే బేరం ఆమెకి తగిలింది. వాళ్ళకి నచ్చితే ఇకమీదట వాళ్ళ ప్రయాణాలన్నీ ఆమెవే.

"ఆడమనిషికి బండి రిపేరుకి ఇచ్చినానని స్టాండులో నవ్వుతున్నారక్కా. దారిలో ఆగిపోతే నా బేరమూ పోద్ది, నీ పేరూ పోద్ది" అంది.

"ఆగదు. రేపు పొద్దున్నే వచ్చి తీసుకుపో" అన్నాను.

ఆ కారుకున్నది కడిగి మళ్ళీ వాడుకునే ఎయిర్ ఫిల్టర్. ఇంజను పీల్చే గాలిలో దుమ్ముని నూలు గుడ్డ మడతలు పట్టేస్తాయి. దాన్ని మందునీళ్ళలో నానబెట్టి, లోపలి వైపు నుంచి బయటికి నీళ్ళు వదిలి కడిగి, నీడలో వేలాడదీశాను. పూర్తిగా ఆరాక ఒక్కో మడత మీద సన్నటి గీతలా దానికని అమ్మే నూనె వేస్తే చాలు, మిగతా గుడ్డకి అదే పాకుతుంది. ఆ పని పొద్దున్నే చేద్దామనుకుని పూజ వంటల కోసం ఇంటికి వెళ్ళాను.

షెడ్డులో మా మావయ్య, అంటే మా ఆయన తండ్రి, జగ్గారావు ఉన్నారు. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి. అక్కడి ఆనవాయితీ ప్రకారం పూజ ముందు సాయంత్రం పనిముట్లన్నీ తుడిచి నూనె పట్టిస్తారు. దేవుడి ముందు ఏదీ పొడిగా ఉండకూడదు. సింధూరం బొట్లు పెట్టి వరసగా పేర్చాక, పూజనాడంతా వాటిని ఎవరూ ముట్టరు. మావయ్య మా షెడ్డులోనూ ఏటా అలాగే చేస్తారు.

పొద్దున్న నేను వెళ్ళేసరికి తబిత అప్పటికే ఇంజను స్టార్ట్ చేసింది. బండి దగ్గుతోంది, వణుకుతోంది. స్టీరింగు ముందు పసుపు లైటు వెలిగింది. నేను ఫిల్టర్ వేలాడదీసిన చోటు చూశాను. అక్కడ లేదు.

"నేనే బిగించేసినానమ్మా" అన్నారు మావయ్య. "పండగ పూట నీకు శ్రమెందుకని. నూనె కూడా బాగా పట్టించినాను."

క్లిప్పులు లాగి మూత ఎత్తాను. మూకుట్లోంచి అప్పుడే తీసిన గారెలా ఫిల్టర్ నూనె కారుతోంది. ఆ నూనె గొట్టంలోకి పోయి, గాలిని కొలిచే సెన్సర్‌ని తడిపేసింది.

"ఏటి మావయ్యా ఇది" అన్నాను. "ఇది సుత్తీ పానాలాంటిది కాదు, ఇంజను ఊపిరి తీసే గుడ్డ. నన్నడక్కుండా నా పనిలో సెయ్యెందుకు పెట్టినారు?"

ఆయన తలదించుకున్నారు. నాకు జాలి వేసింది, కానీ జాలిపడే టైము లేదు. తబిత ఫోన్ బయటికి తీసింది.

"ఇంకో బండి సూసుకోమని వాళ్ళకి సెప్పీనా అక్కా?"

"ఇవాళ ఏ బండి దొరుకుద్ది? నీ బండే ఎల్తాది. కంగారు పడకు."

నాకు ఆ నమ్మకం ఉంది. దాని కంపెనీ కాగితం ఫిల్టర్ కొత్తది అటక మీద ఉంది, ఈ ప్రయాణానికి అది చాలు. సెన్సర్ కడిగే స్ప్రే ఉంది. లేనిదల్లా స్క్రూడ్రైవరే. అదేమో దేవుడి ముందు బొట్టు పెట్టుకుని పడుకుంది.

నేను అటు నడిచాను. మావయ్య అడ్డం వచ్చారు.

"ఆగమ్మా."

వద్దంటారనుకున్నాను. పోట్లాటకి సిద్ధపడ్డాను కూడా.

"తప్పు నాది. ఆ పాపం నీకొద్దు. నేను తీస్తాను, ఏది ఇప్పాలో నువ్వు సెప్పు."

దణ్ణం పెట్టి స్క్రూడ్రైవర్ అందుకున్నారు. సర్వీసులో ఉన్నన్నాళ్ళూ ఆయన పూజనాడు పనిముట్టు ముట్టింది లేదు. నేను చూపించిన స్క్రూ మీద పెట్టి నిలకడగా తిప్పారు. ఆయన సెన్సర్ విప్పి పట్టుకున్నారు, నేను స్ప్రే కొట్టాను. దానిలోని సన్నటి తీగకి వేలు తగలనీయొద్దన్నాను. అలాగేనమ్మా అన్నారు. అది ఆరాక మళ్ళీ బిగించి, కాగితం ఫిల్టర్ పెట్టాం.

"ఇప్పుడు స్టార్ట్ కొట్టు" అన్నాను తబితతో. ఇంజను నున్నగా పలికింది. పసుపు లైటు ఆర్పేసి బండిని పంపించాను.

పంతులుగారు ఊళ్ళో షెడ్లన్నీ తిరిగి మా దగ్గరికి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. అప్పటికే తబిత ఫోన్ చేసింది, వాళ్ళని దింపేసిందట. తిరిగొచ్చేటప్పుడూ ఆమెనే రమ్మన్నారట. మావయ్యకి ఆ మాట చెప్పాను. ఆయన తల ఊపి పూలు సర్దసాగారు.

పూజ ఎవరి పేరు మీద అని పంతులుగారు బెంగాలీలో అడిగారు. ఏటా ఆ ప్రశ్నకి మావయ్య మా ఆయన పేరు చెబుతారు, నేను వెనక నిలబడి వింటాను.

"మీనాకుమారి" అన్నారు మావయ్య.

పంతులుగారు తలెత్తి, ఆవిడెవరని అడిగారు. మావయ్య పక్కకి జరిగి నన్ను ముందుకి రమ్మన్నారు.

"ఈ షెడ్డు మిస్త్రీ" అన్నారు.